సుల్తాన్ బీ సంచి

రేగులపల్లె,
నవంబర్ 16, శనివారం.

స్పందనకు,

ఉత్తరం చూసి నవ్వకు. చేతిలో ఫోన్ ఉండగా ఇదేం చాదస్తం అంటావని తెలుసు. ఫోన్‌లో నీతో మాట్లాడుతుంటే మీ అన్న పక్కన నిలబడి నా బదులు తానే జవాబులు చెప్తుంటాడు. నాకు నీతో మాట్లాడినట్టే ఉండదు. కూర పెట్టె ఎట్లాగూ ఇక ప్రతి శనివారం బస్సులో నీ ఇంటికే వస్తుంది కదా, అడుగున కవర్‌లో పెట్టి పంపుతున్నాను. ఖాళీ పెట్టె తిప్పి పంపేటప్పుడు నువ్వూ రాయి.

ఈ రోజు తొలి కోత. దసరా తర్వాత చల్లిన పాలకూర, మెంతి, చుక్కకూర చేతికొచ్చాయి. కొత్తిమీర ఇంకో వారం పడుతుంది. పొద్దున ఏడింటి బస్సుకు మీ కాలనీ నుంచి నలుగురు దిగారు. ఇంటికొకరు ఒక్క పొద్దైనా చేనులో వంగాలని ముందే అనుకున్నాం కదా, వంగారు. ఒకాయన పాలకూరను వేర్లతో సహా పీకి నిలబడ్డాడు. "అన్నా, గది మళ్ల ఇగురు పెడ్తది. రెండు వేళ్లు మీదికి ఇడిసి కొయ్యాలె" అని నేనంటే పాపం సిగ్గుపడ్డాడు. మంచు ఆరకముందే కట్ట కడితే లోపల ఉడికి పండాకు అవుతుందని, పది దాకా ఎవరినీ కట్టనివ్వలేదు.

ఇరవై ఆరు ఇళ్లు పంట రాకముందే మనల్ని నమ్మి వారం వారం కూర సంచికి పేర్లు రాయించుకున్నాయి. అన్నీ నువ్వు గడప గడపకు తిరిగి చేర్చినవే. మీ అన్నకు మాత్రం ఇంకా గురి కుదరలేదు. "కొత్త సంవత్సరంల మళ్ల మూడు నెలలకు పేర్లిచ్చే ఇండ్లు ఇరవైకి తక్కువైతే, గా అర్ధెకరంల నువ్వులు సల్లుత. మళ్ల నన్ను అడ్డుకోకు" అన్నాడు. స్పందనా, మూడెకరాల పత్తిలో నేను కూలి మనిషినే. నాది అనిపించేది ఈ అర్ధెకరమే. ఇది పోతే నాకు ఇంక ఈ ఊళ్లో చేసుకునేదేమీ లేదు.

ఇంకో మాట. మా అత్త, అదే మీ అవ్వ, ఉన్నప్పటి నుంచి తొలి కోతలో మొదటి కట్టకు పసుపు కుంకుమ పెట్టి ఆడబిడ్డకు ఇవ్వడం మన ఇంటి పద్ధతి. ఈసారి ఇరవై ఆరు ఇళ్లూ సమానం కదా అని చీటీలు వేశాం. మీ గల్లీ సుల్తాన్ బీ పేరు వచ్చింది. కట్ట మీద ఆమె పేరు రాసి పెట్టాను. ఏమనుకోవు కదా?

నీ వదినె,
పద్మలత


మంచిర్యాల,
నవంబర్ 17.

వదినెకు,

పెట్టె నిన్న పన్నెండింటికి చేరింది. మూడింటికల్లా పంచేశాను. వరండా నిండా మట్టి, నీళ్లు. మా ఆయన శ్రావణ్ గని నుంచి డ్యూటీ దిగి వచ్చి జారిపడబోయాడు. "ఇల్లా ఇది, అంగడా?" అని ఒకటే గొణుగుడు.

నేనేమనుకుంటాను వదినె? ఏమీ అనుకోలేదు. సుల్తాన్ బీ అందరికంటే చివర వచ్చింది. నీ పసుపు కుంకుమల కట్ట చేతికివ్వగానే దాన్ని ఎత్తి పట్టుకుని గల్లీ పొడుగునా చూపించుకుంటూ పోయింది. "తొలి కోత నాకొచ్చింది సూడుండ్రి, చీటీల నా పేరే ఎల్లింది" అని. పెద్ద మనిషి. భర్త నజీరుద్దీన్ పోయి ఏడాది కూడా కాలేదు. కోడలు యుమ్నాతో ఒక్క గదిలో సర్దుకుంటుంది. ఆమె సంతోషపడితే నాకేం నొప్పి? వరండాలో నిలబడి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాను. ఇప్పటికీ దవడలు నొస్తున్నాయి.

ఒక్కటే అడుగుతాను. ఆ చీటీలు ఎవరు తీశారు? వాటిలో నా పేరు కూడా వేశారా?

స్పందన


రేగులపల్లె,
నవంబర్ 23.

స్పందనకు,

చీటీలు ఎవరు తీస్తే ఏముంది, అయిపోయిందిగా. నీది పేరు రాయించుకున్న ఇల్లు కాదు, నువ్వు మా ఇంటి మనిషివే. నీకు చీటీ ఏమిటి?

ఈ వారం కోత బాగా జరిగింది. సుల్తాన్ బీ మళ్లీ వచ్చింది. కలుపు తీసినప్పుడే ఆమె వంతు అయిపోయినా వచ్చింది. "ఇంట్ల కూసుంటే గోడలు మీద పడ్తున్నట్టుంటది బేటీ, జర నన్ను గీడ కూసోనియ్యి" అంది. ఎంత పనితనమో! చుక్కకూర ఆకు ఆకు గోటితో తుంచుతుంది, కాడ నలగదు. సుల్తాన్ బీ చిన్నప్పుడు భైంసా దగ్గర చేన్లలో పెరిగిందట. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు తెచ్చి నాకు పెట్టి గాని తాను తినలేదు. మా సొంత అక్కచెల్లెళ్లు కూడా ఇట్లా పక్కన కూర్చుని తినిపించలేదు నాకు.

అన్నట్టు, కాలనీలో అందరూ దీన్ని "స్పందన కూర" అంటారటగా? సుల్తాన్ బీ చెప్పింది. మంచిదేలే.

పద్మలత


మంచిర్యాల,
నవంబర్ 24.

వదినెకు,

నీ ఉత్తరంలో ఎక్కడ చూసినా సుల్తాన్ బీయే. నా పేరు రెండు చోట్ల ఉంది. ఒకటి పిలుపులో, ఇంకోటి దెప్పుడులో. "స్పందన కూర" అని నేను బోర్డు రాసి పెట్టలేదు. వాళ్లు చూసేది నన్నే, నా వరండానే, పిలిచేది నా పేరు కాక ఇంకెవరి పేరు?

అక్కచెల్లెళ్లు పక్కన కూర్చుని తినిపించలేదని రాశావు. నువ్వు కాపురానికి వచ్చిన కొత్తలో, నీకు జ్వరమొచ్చినప్పుడు, ఆ చేను గట్టు మీద జావ తాగించింది ఎవరు? జొన్నరొట్టె మీద తొక్కు పెట్టలేదులే. తప్పే.

సంచులన్నీ పంచాను. సుల్తాన్ బీ సంచి కూడా.

స్పందన


మంచిర్యాల,
డిసెంబర్ 1.

వదినెకు,

ఒక చెడ్డ వార్త. నువ్వు గాబరాపడకు.

నిన్న సాయంత్రం యుమ్నా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టింది. వాళ్ల సంచిలోని పాలకూర. సగం ఆకులు పసుపుపచ్చగా పండిపోయి, కాడలు జిగురు జిగురుగా ఉన్నాయి. "రెండు వారాల సంది గిట్లనే వస్తుంది, మా అత్తమ్మ అడగనియ్యలే" అని రాసింది. ఇంకేముంది, గ్రూపంతా అదే. ఈ రోజు పొద్దున్నే అయిదు ఇళ్ల వాళ్లు వచ్చి, జనవరిలో తమ పేర్లు రాయొద్దని చెప్పి పోయారు.

నాకు తెలిసి నువ్వు మంచు మీదే కట్టి ఉంటావు. చలికాలం కదా, ఎనిమిదింటికి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల తడి ఉంటుంది. ముచ్చట్లలో పడితే ఎవరికైనా గుర్తుండదు. ఈసారి జర చూసుకుని కట్టు.

స్పందన


రేగులపల్లె,
డిసెంబర్ 7.

స్పందనకు,

వారం రోజులుగా అన్నం సయించడం లేదు. నేను మంచు మీద కట్టానా అని తలచుకుని తలచుకుని పిచ్చెక్కుతుంది. కట్టలేదనే అనిపిస్తుంది. కానీ నువ్వు చెప్పాక అనుమానం పట్టుకుంది. చేతులు జోడించి చెప్తున్నాను, ఆ ఇళ్ల వాళ్లకు నా తరఫున తప్పయిందని చెప్పు.

ఈ రోజు నా పాత చీర రెండు ముక్కలు చింపి, ప్రతి ఆకునూ తుడిచి ఆరబెట్టాను. చలికి వేళ్లు కొంకర్లు పోయి కొడవలి జారి బొటనవేలు తెగింది. కట్టు కట్టుకుని మళ్లీ కూర్చున్నాను. మీ అన్న చూసి, "గిదేం పనే, ఆకులకు తానాలు పోసి తుడుసుడా?" అని నవ్వాడు. తర్వాత నవ్వలేదు. నిన్న అంగడి నుంచి నువ్వుల సంచి తెచ్చి కొట్టంలో పెట్టాడు. నాకు చూపించలేదు, నేనే చూశాను.

ఇరవై ఒక్క ఇల్లు మిగిలింది. ఇంకో రెండు పోతే అంతే. స్పందనా, నీ చేతిలో పెట్టాను, ఎట్లాగైనా నిలబెట్టు.

పద్మలత


మంచిర్యాల,
డిసెంబర్ 8.

వదినెకు,

ఏం చెప్పమంటావు? సుల్తాన్ బీ సంచిలో మళ్లీ పండాకులే వచ్చాయట. యుమ్నా ఇంకో ఫోటో పెట్టింది. ఇంకో నాలుగు ఇళ్లు వద్దన్నాయి. ఇప్పుడు పదిహేడు. నేను అందరికీ నచ్చజెప్పాను. వినలేదు.

వేలు జాగ్రత్త. పసుపు పెట్టుకో.

స్పందన


రేగులపల్లె,
డిసెంబర్ 14.

స్పందనా,

బడి తెలుగు రాసే ఓపిక ఇయ్యాల నాకు లేదు. నోటికొచ్చినట్టే రాస్తున్న, సదువుకో.

పోయిన శనివారం సుల్తాన్ బీ కట్టలు నేనే వేరుగ కట్టిన. పాపం ముసల్దానికే మాటిమాటికి పాడాకు పోతుందని, లేత లేత ఆకు ఏరి, తుడిసి, ఎర్ర దారంతోని కట్టిన. సుతిలితోని కాదు, ఎర్ర దారంతోని. మిగిలిన ఇరవై అయిదు ఇండ్ల వాళ్లకే కాదు, నీకు గుడ చెప్పలే.

ఇయ్యాల పొద్దుగాల ఆమె కోతకొచ్చింది. నా ఒళ్లె ఎర్ర దారం ఉండ సూసి, "గిదేంది బేటీ, తాయెత్తు కడ్తున్నవా?" అని నవ్వింది. "పోయినవారం నీ కట్టలకు కట్టింది గిదే గదా" అన్న. "నాకు రాలే గద. నావి సుతిలివే" అన్నది. మళ్ల అడిగిన. మళ్ల గదే చెప్పింది. నా మొఖం సూసి ఆమెకే సమజైంది. "పోనీయ్ బేటీ, చిన్నపిల్ల, ఏం జేసిందో ఏమో, అడగకు" అన్నది. నీకు కీడు జేసే మాట ఒక్కటి ఆమె నోట్లెకెళ్లి రాలే.

అడుగుతున్న, చెప్పు. ఆ ఎర్ర దారం కట్టలు ఎవరింట్ల ఉడికినయ్? పండాకులు ఏడికెళ్లి వచ్చినయ్? నేను మంచు మీద కట్టిన్నని నువ్వు రాస్తే, నేను నమ్మి చలిల కూసోని ఆకులు తుడిసిన. వేలు తెగ్గోసుకున్న. నువ్వు పసుపు పెట్టుకొమ్మని రాసినవ్. నీకు చెయ్యెట్ల వచ్చిందే?

ఇంట్ల నువ్వుల సంచి మూతి ఇప్పే రోజు దగ్గరికొచ్చింది. నీ కడుపు సల్లవడ్డదా?

పద్మలత


మంచిర్యాల,
డిసెంబర్ 15.

వదినెకు,

నేనే చేశాను.

మొదటి వారం ఏమీ చేయలేదు. రెండో వారం, నీ ఉత్తరం చదివినాక సంచులు సర్దుతున్నాను. పెట్టె అడుగున నలిగిపోయిన కట్టలుంటాయి కదా, ఎప్పుడూ పక్కింటి మేకకు వేస్తాను. ఆ రోజు వాటిని సుల్తాన్ బీ సంచిలో పెట్టాను. చెయ్యి దానంతటదే పోయింది అని రాస్తే అబద్ధం. తెలిసే పెట్టాను. పెట్టినాక హాయిగా కూడా అనిపించింది. మంచి చీర కట్టుకున్న మనిషి మీద బురద పడితే చూసినట్టు.

మూడో వారం నలిగినవి సరిపోక, వెనుకటి వారం మిగిలినవి కలిపాను. యుమ్నా ఫోటో పెడుతుందని అనుకోలేదు. పెట్టిందని తెలిసినా నేనే అని చెప్పలేదు. నీ మీదికి తోశాను. ఎర్ర దారం చూసినప్పుడైతే, మళ్లీ ఆమెకే ప్రత్యేకమా అని నిలువునా మండిపోయాను. ఆ కట్టలు తీసి దాచాను. వండలేదు వదినె. ఫ్రిజ్‌లో పెట్టాను. తినబుద్ధి కాలేదు, పారేయబుద్ధీ కాలేదు. ఇప్పుడు నల్లగా నీరుకారి ఉన్నాయి.

ఎందుకు అంటావు. బాపు పోయినాక పట్టా అన్న పేరు మీదికి మారేటప్పుడు నేను తహసీల్ ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టాను. నన్నెవరూ బలవంతం చేయలేదు. అన్న కష్టపడుతున్నాడు, నాకు కంపెనీ క్వార్టర్ ఉంది, చాలు అనుకున్నాను. ఇప్పటికీ గజం జాగా అడగను. కానీ బాపు వెనుక నీళ్లు కట్టుకుంటూ పెరిగిన చేను అది. అందులో నాదని చెప్పుకోవడానికి ఏడాదికి ఒక్క కట్ట మిగిలింది. నువ్వు దాన్ని చీటీలో వేశావు. వేసి, వారం వారం ఆమె ఎంత మంచిదో రాశావు.

అన్నకు చెప్పకు. గ్రూపులో చెప్పకు. ఈ కాలనీలో నేను తలెత్తుకుని తిరగాలి.

స్పందన


రేగులపల్లె,
డిసెంబర్ 21.

స్పందనకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను. మూడో రోజు మానేశాను. ఎందుకో చెప్తాను.

చీటీలు వేయలేదు.

ఎవరూ తీయలేదు, అసలు రాయనే లేదు. దసరా ముందు పేర్లు రాయించుకోవడానికి మీ కాలనీకి వచ్చాను గుర్తుందా? మీ ఎదురింటావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "గీమె నీ చేన్ల పనిచేస్తదా స్పందనా?" అని అడిగింది. నువ్వు నవ్వావు. "లేదు, మా వదినె" అన్నావు. అన్నావు కానీ, ముందు నవ్వి తర్వాత అన్నావు. ఆ అర్ధెకరంలో రాళ్లు ఏరింది నేను. పెంటకుప్ప మోసింది నేను. బోరు ఎండినప్పుడు బిందెలతో నీళ్లు పోసింది నేను. పేరేమో నీది. ఆ నవ్వును నెల రోజులు మరచిపోలేదు. తొలి కోత రోజు కట్ట మీద నీ పేరు రాయడానికే పెన్ను తీశాను. తీసి సుల్తాన్ బీ పేరు రాశాను. నీకు కాలాలనే రాశాను. తర్వాత ఆమెను పొగిడింది కూడా సగం అందుకే. మిగతా సగం నిజం. ఆమె పొగడదగిన మనిషే.

మీ అన్నకు చెప్పను. గ్రూపులోనూ చెప్పను, నాకు అందులో చోటు లేదు. చెప్పాలో వద్దో నువ్వే చూసుకో. జనవరి మొదటి ఆదివారం అరక కడతానన్నాడు. పదిహేడు ఇళ్లయితే నేను అడ్డం పడుకున్నా ఆగడు.

పద్మలత


మంచిర్యాల,
జనవరి 5.

వదినెకు,

అన్న ఇక అరక కట్టడని నిన్న నువ్వే ఫోన్ చేసి చెప్పావు. అన్న పక్కనే ఉన్నాడు కాబట్టి నేను సరే సరే అని పెట్టేశాను. జరిగింది ఇప్పుడు రాస్తాను.

ముందు గ్రూపులో రాశాను. "పాడాకులు చేను నుంచి రాలేదు, నేనే పెట్టాను, మా వదినె తప్పు లేదు" అని మూడు ముక్కలు. తర్వాత అందరూ రాశారు. ఏమేం రాశారో నీకు వద్దు. శ్రావణ్ చదివి, ఫోన్ నా ముందు పెట్టి, డ్యూటీకి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

మరునాడు పొద్దున సుల్తాన్ బీ ఇంటికి వెళ్లాను. యుమ్నా తలుపు దగ్గరే నిలబడి లోపలికి రమ్మనలేదు. ముసలామే పిలిచింది. నా సంగతంతా చెప్పాను. విన్నది. "ఎర్కనే బేటీ, చేన్ల నాడే ఎర్కైంది" అంది అంతే. కోపం చూపిస్తుందేమో, నాలుగు మాటలు పడి ఇంటికి పోదామని వెళ్లినదాన్ని, ఏం చేయాలో తోచక నీ ఉత్తరం కూడా తీసి చదివాను. తప్పు నాదొక్కదానిదే కాదని ఆమెకు తెలియాలని. నిజం చెప్తున్నాను, అందుకే చదివాను.

చీటీలు వేయలేదన్న దగ్గర ఆమె నన్ను ఆపింది.

"అయితే నా పేరు ఎల్లలేదా?" అంది.

ఉత్తరం మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.

"మనిషి పోయిన కాన్నుంచి నాకు మంచిగైంది గదొక్కటే అనుకున్న బేటీ. నసీబుల రాసి వచ్చిందని గల్లీ అంత చెప్పుకున్న. మీ ఇద్దరి నడుమ నేనేడున్న? మీరిద్దరు కొట్లాడుకున్నరు, నన్ను ఇసిరి కొట్టుకున్నరు." అరవలేదు. మెల్లగానే అంది. తర్వాత లేచి, నాకు చాయ్ పెట్టింది. తాగాను. ఎట్లా తాగానో నాకే తెలియదు.

ఇళ్లు తిరిగి వచ్చాయి. ఇరవై మూడు. ఒక్కటే షరతు పెట్టారు, సంచులు ఇక నా వరండాలో పంచొద్దని. సుల్తాన్ బీ ఇంట్లో అయితేనే పేరిస్తామన్నారు. ఆమె వద్దంటుందేమో, నీ చేను ఇక పోయినట్టే అనుకున్నాను. "గా పిల్ల అర్ధెకరం ఎందుకు పోవాలె" అని ఒప్పుకుంది. "స్పందన కూర" అని ఇప్పుడెవరూ అనడం లేదు. ఏమంటున్నారో అడగలేదు. అడగడానికి నాకు ఇంకా మంటగానే ఉంది, దాచుకోను.

నేను కూడా పేరు రాయించుకున్నాను, అందరిలాగే. ఇరవై నాలుగో ఇల్లు. నిన్న మధ్యాహ్నం ఆమె ఇంటి ముందు వరుసలో నిలబడ్డాను. ముందున్నవాళ్లు నాతో మాట్లాడలేదు. నా వంతు వచ్చింది. సుల్తాన్ బీ తలెత్తి చూసి, సంచి అందించి, తర్వాతి వాళ్లను పిలిచింది.

ఇంటికి వచ్చి తలుపేసుకున్నాను. సంచి నేల మీద కుమ్మరించి, ఒక్కో కట్ట విప్పి, ఆకు ఆకు తిరగేసి చూశాను. ఒక్క పండాకైనా పెట్టి ఉంటుందని. పెట్టి ఉంటే మా ఇద్దరికీ చెల్లుకు చెల్లు అయ్యేది.

ఒక్కటీ లేదు వదినె.

స్పందన